బోర్డు లేని చోట చలానా: బరంపురం ఫుట్‌పాత్‌ల మీద పార్కింగ్ తగవు

ఒడిశాలోని బరంపురం గిరి రోడ్డులో బట్టల కొట్టు ముందు, మురుగు కాలువ మీద పరిచిన పలకల పైకి స్కూటీ ఎక్కించి, పది నిమిషాల్లో పని ముగించుకొని వెళ్లిపోయిన మనిషికి సాయంత్రానికల్లా ఫోనులో చలానా సందేశం వస్తుంది. మర్నాడు ఆ సంగతి అరుగు మీద చర్చకు వచ్చినప్పుడు వినిపించే వాదాలు దాదాపు ఎప్పుడూ అవే. అక్కడ బోర్డు లేదు. అది రోడ్డు కాదు, కాలువ పలక. కొట్టు యజమానే అక్కడ పెట్టుకోమన్నాడు. పక్కన ఇరవై బళ్లు ఉండగా నా ఒక్కదానికే ఫొటో తీశారు. వీటిలో మొదటి మూడూ చట్టం ముందు నిలవవు. నాలుగోది కూడా జరిమానా తప్పించదు గాని, అది న్యాయమైన ఫిర్యాదే. ఈ నాలుగింటినీ కలిపి ఒకే కోపంగా మాట్లాడుకోవడం వల్లనే ఈ తగవు ఎన్నాళ్లయినా తెగడం లేదు.

ముందుగా ఆ పలకల సంగతి. గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల పట్టణాల్లో ఫుట్‌పాత్ అంటే చాలాచోట్ల విడిగా కట్టిన కాలిబాట కాదు, రోడ్డు పక్క మురుగు కాలువను మూసిన సిమెంటు పలకల వరసే. కాలువ కోసం వేసిన పలక నడకకు పనికివస్తోంది, నడక కోసం మిగిలిన చోటు బండికి పనికివస్తోంది. అందువల్ల అది ఫుట్‌పాతే కాదన్న వాదం పైకి బలంగా కనిపిస్తుంది. అయితే 1988 నాటి మోటారు వాహనాల చట్టం ‘రోడ్డు’ అన్న మాట దగ్గరే ఆగలేదు. ప్రజలకు వెళ్లే హక్కున్న ఏ దారినైనా, వీధినైనా, ప్రదేశాన్నైనా బహిరంగ స్థలంగానే లెక్కిస్తుంది. అదే చట్టంలోని 122వ సెక్షన్, ఇతరులకు ప్రమాదంగాని ఆటంకంగాని అనుచితమైన అసౌకర్యంగాని కలిగేలా, లేక కలిగే అవకాశం ఉండేలా బహిరంగ స్థలంలో బండిని నిలిపి ఉంచరాదంటుంది. పలక కింద మురుగు పారుతోందా, మట్టి ఉందా అన్నది ఆ సెక్షన్‌కు పట్టదు; పలక మీద జనం నడుస్తున్నారా అన్నదే పడుతుంది.

ఇక బోర్డు మాట. ఈ తగవులో ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. పార్కింగ్ నిషేధాలు రెండు రకాలు. ఒకటి, ఫలానా వీధిలో ఫలానా పక్క బండి పెట్టకూడదని అధికారులు నిర్ణయించి, గుర్తు పాతి, దానివల్ల అమల్లోకి తెచ్చే నిషేధం. ఇది బోర్డు మీద ఆధారపడినది కనుక, బోర్డు లేకపోయినా, పడిపోయినా, సినిమా పోస్టరు కింద కనబడకపోయినా బండివాడు ఆ మాట గట్టిగా చెప్పుకోవచ్చు. రెండోది, ఏ బోర్డూ అక్కర లేకుండా దేశమంతటా ఎప్పుడూ ఉండే నిషేధం. 1989లో వచ్చిన రోడ్డు నియమాలే ఫుట్‌పాత్ మీద, కూడలి దగ్గర, మలుపులో, పాదచారులు రోడ్డు దాటే గీతల దగ్గర, బస్టాపు దగ్గర, బడి, ఆసుపత్రి గుమ్మాల ముందు బండి నిలపరాదన్నాయి. వాటి స్థానంలో 2017లో వచ్చిన డ్రైవింగ్ నిబంధనలు కూడా ఫుట్‌పాత్ విషయంలో ఆ నిషేధాన్ని నిలిపే ఉంచాయి. కాబట్టి ఫుట్‌పాత్ మీద బండి పెట్టి బోర్డు ఏదని అడగడం, ఎదుటివాడి ఇంట్లోకి నడిచిపోయి ‘లోపలికి రావద్దు’ అన్న బోర్డు ఏదని అడిగినట్టుంటుంది.

బోర్డు ఉన్నచోట కూడా దాన్ని చదవడంలో తేడా వస్తుంది. నీలం వృత్తం, ఎర్రటి అంచు, మధ్యలో అడ్డంగా ఒకే ఎర్రగీత ఉంటే అక్కడ పార్కింగ్ కూడదని అర్థం. మనిషిని దింపడానికి క్షణం ఆగడాన్ని అది ఆపదు. అదే వృత్తంలో రెండు ఎర్రగీతలు ఒకదాన్నొకటి కోస్తూ ఉంటే అసలు ఆగడమే కూడదని. ఇచ్ఛాపురం నుంచో సోంపేట నుంచో బజారు పనికి వచ్చినవారు ఒడియా రాకపోవడం వల్ల బోర్డు అర్థం కాలేదనడం కద్దు గాని, ఈ గుర్తులు ఇచ్ఛాపురంలో ఎలా ఉంటాయో బరంపురంలోనూ అలాగే ఉంటాయి. వాటికి లిపితో పని లేదు.

కొట్ల యజమానులు సొంతంగా రంగు వేయించి వేలాడదీసే ‘ఇక్కడ పార్కింగ్ చేయరాదు’, ‘మా ఖాతాదారులకు మాత్రమే’ అన్న పలకలది ఇంకో కథ. మోటారు వాహనాల చట్టం 116వ సెక్షన్ ప్రకారం రోడ్డు మీద ట్రాఫిక్ గుర్తు పెట్టే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి, అది అధికారమిచ్చిన సంస్థకు ఉంటుంది, కొట్టు యజమానికి కాదు. కొట్టు ముందరి ప్రభుత్వ స్థలంలో రాళ్లు పేర్చినా, గొలుసు కట్టినా, పాత టైరు పెట్టినా ఆ స్థలం కొట్టుకు దక్కదు; పైగా ఆటంకం కలిగించినవాడిగా ఆయనే దొరుకుతాడు. అలాగని ఆ పలకను చూసి నవ్వుకొని గుమ్మానికి అడ్డంగా బండి పెట్టడానికీ వీల్లేదు, ఎందుకంటే ప్రవేశ ద్వారానికి అడ్డం పెట్టడం బోర్డు ఉన్నా లేకపోయినా తప్పే. అదే లెక్కన, నిషేధించే అధికారం లేని యజమానికి అనుమతించే అధికారమూ లేదు. “ఇక్కడే పెట్టుకో బాబూ, ఏం కాదు” అన్న మాట మర్యాదకు అన్నదే తప్ప, చలానా వచ్చిన రోజున దానికి విలువ లేదు. పాత వీధుల్లో అరుగు ముందుకు జరిగి, అరుగు ముందు ర్యాంపు వెలిసి, ర్యాంపు పక్కన కారు స్థిరపడి, రెండు తరాలు గడిచేసరికి అదంతా ఇంటి హద్దులో భాగమని నిజంగానే నమ్మేవారున్నారు. పట్టాలో ఉన్న కొలత ఒకటుంటుంది, అలవాటైన కొలత మరొకటుంటుంది. తగవు వచ్చినప్పుడు నిలిచేది మొదటిదే.

ఇంత కచ్చితంగా మాట్లాడవలసినంత నష్టం ఒక స్కూటీ వల్ల ఏముందని అనిపించవచ్చు. కొలతలు చూస్తే తెలుస్తుంది. పాదచారుల సౌకర్యాలపై ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మార్గదర్శకాలు ఫుట్‌పాత్ మీద ఏ అడ్డూ లేని నడక దారి కనీసం 1.8 మీటర్ల వెడల్పు ఉండాలంటాయి. ఇద్దరు ఎదురెదురుగా వచ్చినా, చక్రాల కుర్చీ వచ్చినా సరిపోవాలన్నది లెక్క. మామూలు స్కూటరు పొడవు కూడా సుమారు 1.8 మీటర్లే. అంటే మన పట్టణాల్లో అరుదుగా దొరికే ఆదర్శమైన ఫుట్‌పాత్ మీద సైతం అడ్డంగా నిలిపిన ఒక్క స్కూటరు దారినంతా మూసేస్తుంది. ఇక 3 అడుగుల కాలువ పలక సంగతి చెప్పనక్కర లేదు. బండి పెట్టినవాడికి మిగిలింది పది నిమిషాలైతే, ఆ పది నిమిషాల్లో దారిన పోయినవారందరూ పలక దిగి, ఆటోలు, ట్రాక్టర్లు తిరిగే తారు మీద నాలుగు అడుగులు వేసి మళ్లీ పలక ఎక్కాలి. కర్ర పట్టుకున్న ముసలమ్మకు, చంటిబిడ్డను ఎత్తుకున్న తల్లికి, ఎం.కె.సి.జి. వైద్య కళాశాల ఆసుపత్రికి కట్లు కట్టించుకోవడానికి వచ్చిన రోగికి ఆ నాలుగు అడుగులే ఆ రోజు ప్రయాణంలో ప్రమాదకరమైన భాగం.

సుప్రీంకోర్టు ఈ విషయం మాట్లాడటం కొత్త కాదు. 1985లో ఓల్గా టెలిస్ కేసులో, బొంబాయి ఫుట్‌పాత్‌ల మీద బతికే పేదల జీవనోపాధి హక్కును గుర్తించిన తీర్పే, ఫుట్‌పాత్‌లు ప్రజలందరి సౌకర్యం కోసం ఉన్న ప్రజా ఆస్తి అని కూడా చెప్పింది. 2025 మే నెలలో అడ్డంకులు లేని ఫుట్‌పాత్ మీద నడిచే హక్కు రాజ్యాంగంలోని 21వ అధికరణం కిందికి వస్తుందని స్పష్టం చేసి, రాష్ట్రాలు మార్గదర్శకాలు రూపొందించాలంది. అదే సంవత్సరం అక్టోబరులో, పాదచారుల విషయమై మోటారు వాహనాల చట్టం 138(1ఎ) సెక్షన్ కింద 6 నెలల్లో నియమాలు చేయాలని రాష్ట్రాలను ఆదేశించింది. ఒక విషయం ఇక్కడ విడదీసి చూడాలి. ఫుట్‌పాత్ మీద కూరగాయల బుట్ట పెట్టుకున్న మనిషికీ, కారు పెట్టిన మనిషికీ చట్టంలో ఒకే స్థానం లేదు. వీధి వ్యాపారికి 2014 నాటి చట్టం, పట్టణ వ్యాపార కమిటీ, ధ్రువపత్రం, కేటాయించిన చోటు ఉన్నాయి. అతన్ని తొలగించాలంటే ఒక పద్ధతి ఉంది. ఫుట్‌పాత్ మీది బండికి అటువంటి రక్షణ ఏదీ లేదు. అయినా ఆక్రమణల తొలగింపు అనగానే బుట్టలు లేచిపోయి బళ్లు అక్కడే మిగలడం మన బజార్లలో అందరూ చూసేదే.

జరిమానా లెక్కకు వస్తే, అసలు చిక్కు ఒకే తప్పుకు పలు సెక్షన్లు వర్తించడంలో ఉంది. 2019 సెప్టెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణలు మోటారు వాహనాల చట్టం 177వ సెక్షన్ కింది సాధారణ జరిమానాను మొదటిసారికి 100 నుంచి 500 రూపాయల దాకా, మళ్లీ చేస్తే 300 నుంచి 1,500 దాకా పెంచాయి. డ్రైవింగ్ నిబంధనల ఉల్లంఘన కోసం కొత్తగా చేర్చిన 177ఎ కింద కనీసం 500, గరిష్ఠంగా 1,000. రాకపోకలకు అడ్డం వచ్చేలా బండి ఉంచినందుకు 201వ సెక్షన్ కింద 500 దాకా. ఇంతకు ముందు ఈ సెక్షన్ చెడిపోయిన బళ్లకే వర్తించేది, సవరణలో ఆ ‘చెడిపోయిన’ అన్న మాట తీసేశారు. పైగా 210ఎ ప్రకారం ఈ జరిమానాలను రాష్ట్రం 10 రెట్ల వరకు పెంచుకోవచ్చు. అందుచేత ఒకే వీధిలో, ఒకే రకం తప్పుకు ఇద్దరికి వేర్వేరు మొత్తాలు పడటం ఎప్పుడూ అన్యాయమే కానక్కర లేదు. ఏ సెక్షన్ రాశారో, అది మొదటిసారా రెండోసారా అన్నదాన్ని బట్టి మారుతుంది. చలానా రాగానే మొత్తాన్ని కాక సెక్షన్ సంఖ్యను ముందు చూడాలని అనడం ఇందుకే.

టోయింగ్ బండి ఎత్తుకుపోయిన రోజున గొడవ మరింత ముదురుతుంది. 127వ సెక్షన్ ప్రకారం, పార్కింగ్ నిషేధించిన చోట నిలిపిన బండిని లాగించడానికైనా, చక్రానికి తాళం వేయించడానికైనా అధికారమిచ్చేది యూనిఫారంలో ఉన్న పోలీసు అధికారి. గొలుసు తగిలించే కుర్రాడికి ఆ నిర్ణయం తీసుకునే హక్కు లేదు. లాగిన ఖర్చు యజమానిదే, అది జరిమానాకు అదనం. అంటే రెండు మొత్తాలు, రెంటికీ రసీదు ఉండాలి. రసీదు లేకుండా ఒకే మొత్తంగా ‘అంతా కలిపి’ అని అడిగినచోట అది జరిమానా అని ఎవరూ అనుకోనక్కర లేదు. అన్నట్టు, 210బి అనే ఒక చిన్న సెక్షన్ ఉంది: చట్టాన్ని అమలు చేసే అధికారమున్నవారే ఆ చట్టం కింద తప్పు చేస్తే రెట్టింపు జరిమానా. ఠాణా ముందరి ఫుట్‌పాత్ మీద నిలిపిన బళ్లను చూసినప్పుడల్లా నాకు ఈ సెక్షనే గుర్తుకొస్తుంది.

చలానా తప్పని నమ్మినవారు మొదట చేయవలసింది, దాన్ని కట్టకుండా ఉండటం. ఇది వింతగా తోచవచ్చు గాని, 200వ సెక్షన్ కింద నిర్ణీత మొత్తం చెల్లించడమంటే కేసును రాజీతో ముగించుకోవడమే. కట్టిన తర్వాత ఇక వాదించడానికి ఏమీ మిగలదు. కేంద్ర ఈ-చలానా వెబ్‌సైటులో ఫిర్యాదు నమోదు చేయవచ్చు. అక్కడ తేలకపోతే కోర్టులో చెప్పుకోవాలి. ఫొటోలో నంబరు ప్లేటు మీదిదేనా, చోటు, సమయం సరిపోతున్నాయా, చక్రం నిజంగా పలక మీద ఉందా, బండి చెడిపోయి తొలగించే పనిలో ఉండగా తీసిన ఫొటోనా అన్నవి పనికివచ్చే వాదాలు. చివరిదానికి 201వ సెక్షన్‌లోనే మినహాయింపు ఉంది. నేను బండిలోనే కూర్చున్నాను, అందరూ పెడుతున్నారు, పది నిమిషాలే అన్నవి పనికిరావు. జరిమానా ఒక్కటే శిక్షగా ఉన్న నేరాన్ని 6 నెలలు దాటాక కోర్టు మామూలుగా విచారణకు తీసుకోరాదని, నేర విచారణ పద్ధతి చెప్పే భారతీయ నాగరిక సురక్షా సంహిత 514వ సెక్షన్ చెప్పే మాట నిజమే. దాన్ని నమ్ముకొని ఊరుకున్నవారికి మాత్రం, ఆ చలానా బండి రికార్డులో అలాగే కూర్చొని, అమ్మబోయే రోజున ఎదురొస్తుంది.

సరిహద్దులో ఉన్నవారికి ఈ రికార్డు గొడవ ప్రత్యేకంగా తగులుతుంది. పార్కింగ్ చలానా రాసే వేళకు బండి దగ్గర మనిషి ఉండడు కనుక, అది నమోదైన యజమాని పేరునే వెళ్తుంది. పలాసలోనో పాతపట్నంలోనో కొన్న పాత మోటారు సైకిలు ఏపీ 30 నంబరుతోనే పర్లాకిమిడిలో ఏళ్ల తరబడి తిరుగుతూ ఉంటుంది. చలానాలు శ్రీకాకుళం జిల్లాలోని పాత యజమాని ఫోనుకు పోతూ ఉంటాయి. ఆయన ఒకరోజు విసిగిపోయి బావమరిదిని పంపిస్తాడు. చట్టం ఈ విషయంలో ఇద్దరికీ బాధ్యత పెట్టింది. రాష్ట్రం లోపల అమ్మినవాడు 14 రోజుల్లో, వేరే రాష్ట్రానికి అమ్మినవాడు నిరభ్యంతర పత్రంతో 45 రోజుల్లో రవాణా అధికారికి తెలపాలి. కొన్నవాడు 30 రోజుల్లో పేరు మార్పించుకోవాలి. ఒక రాష్ట్రపు బండిని మరో రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచితే అక్కడి నంబరు తీసుకోవాలి. పర్లాకిమిడిలో అది ఓడీ 20, బరంపురంలో ఓడీ 07, రాయగడలో ఓడీ 18. అమ్మినప్పుడు ఈ పని చేయని యజమాని, ఆ రోజు బండి నడిపింది ఎవరో చెప్పవలసిన బాధ్యత 133వ సెక్షన్ కింద తన మీదే ఉందని ఆలస్యంగా తెలుసుకుంటాడు.

పక్కన ఇరవై బళ్లుండగా నా ఒక్కదానికే అన్న నాలుగో వాదాన్ని ఇప్పటిదాకా పక్కన పెట్టాను. దాని వెనక నిజమైన తప్పు ఒకటుంది, అది బండివాడిది కాదు. బరంపురంలో పలకలు, చాలా వీధులు నగరపాలక సంస్థవి; కొన్ని పెద్ద రోడ్లు రాష్ట్ర పనుల శాఖవి; ఊరి అంచున పోయే 16వ జాతీయ రహదారి కేంద్రానిది; భవనాల ప్లాన్లు చూసేది బరంపురం అభివృద్ధి సంస్థ; చలానా రాసేది పోలీసులు. ఇందులోనూ జిల్లా కేంద్రం ఛత్రపురంలో ఉండగా, బరంపురం పోలీసు జిల్లా వేరు, దాని ఎస్పీ వేరు. జాగా ఒకరిది, జరిమానా మరొకరిది కావడం వల్ల, ఎవరి పని వారు కాగితం మీద చేసినా వీధిలో ఫలితం కనిపించదు. 117వ సెక్షన్ కింద ప్రభుత్వం, లేక అది అధికారమిచ్చిన సంస్థ, స్థానిక సంస్థతో సంప్రదించి బళ్లు నిలిపే చోట్లు నిర్ణయించవచ్చు. 2011 జనగణన నాటికే 3.5 లక్షలు దాటిన నగరంలో, చుట్టుపక్కల జిల్లాల నుంచి, సరిహద్దు అవతలి నుంచి రోజూ బజారుకు, ఆసుపత్రికి, కోర్టుకు జనం వచ్చే చోట, ‘ఇక్కడ పెట్టవద్దు’ అన్నదానికి జోడీగా ‘అక్కడ పెట్టుకోండి’ అన్నది లేకపోతే, జరిమానా అప్పుడప్పుడు వసూలయ్యే అద్దెలా మారిపోతుంది. ఇరవైమందిలో ఒకడికి పడే చలానా మిగతా పంతొమ్మిదిమందికి పాఠం కాదు, అదృష్టం.

చోటు లేకపోవడం కూడా సగం మనం చేసుకున్నదే. వాణిజ్య భవనం ప్లాన్‌లో నేల అంతస్తు పార్కింగ్ అని ఉంటుంది. కట్టడం పూర్తయ్యేసరికి అందులో గోదామో, చెప్పుల కొట్టో వెలుస్తుంది. లోపల ఉండవలసిన బళ్లు పలకల మీదికి వస్తాయి. ఆ బళ్ల మీద చలానాలు రాసే శ్రమలో పదో వంతు ఆ ప్లాన్లు తనిఖీ చేయడానికి పెడితే ఫలితం ఎక్కువగా ఉంటుందని నా అభిప్రాయం. పట్టణ భూమి విలువైనదని, పార్కింగ్ రుసుము ఆ భూమి విలువకు తగినట్టుండాలని 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానం చెప్పింది. గజం లక్షలు పలికే బజారు వీధిలో కారుకు రోజంతా ఉచితంగా జాగా దొరకాలని కోరడం, దొరక్కపోతే నడిచేవాడి దారి తీసుకోవడం, ఆ విధానానికి పూర్తిగా తలకిందులు.

తాత్కాలిక నిషేధాల గురించి కూడా ఒక మాట. రెండేళ్లకోసారి ఠాకురాణి అమ్మవారి యాత్ర జరిగినప్పుడు దేశిబెహరా వీధి చుట్టుపక్కల రోజూ తిరిగే దారులు మూసేస్తారు, నిన్నటిదాకా బండి పెట్టుకున్న చోట పెట్టనివ్వరు. 115వ సెక్షన్ ప్రకారం నెలకు మించని నిషేధానికి గెజిట్ ప్రకటన అక్కర లేదు గాని, పరిస్థితిని బట్టి స్థానికంగా తెలియజేయడం తప్పనిసరి. యాత్ర రోజుల్లో చలానా పడినవారు, ఆ వీధికి ఆ నిషేధాన్ని ఎక్కడ ఎలా ప్రకటించారని అడగడంలో తప్పు లేదు. తెలుగు వీధుల్లో ఆ ప్రకటన తెలుగులో కూడా వినిపించాలని కోరడంలో అసలే తప్పు లేదు, ఆ యాత్రకు తరతరాలుగా ముందు నిలిచిన డేరా అనే నేతవారి ఇళ్లలో మాట్లాడేది తెలుగే కాబట్టి.

ఇక దారి మూసుకుపోయిన పాదచారి ఏం చేయాలి? రోజూ ఒకేచోట ఒకే ఆటంకం ఉంటే, దాన్ని తొలగించమని ఆదేశించాలని కోరుతూ భారతీయ నాగరిక సురక్షా సంహిత 152వ సెక్షన్ కింద సబ్-కలెక్టరు కార్యాలయంలో అర్జీ పెట్టవచ్చు. దారికి అడ్డం కలిగించడమే నేరమైన చోట భారతీయ న్యాయ సంహిత 285వ సెక్షన్ కింద జరిమానా ఇప్పుడు 5,000 రూపాయల దాకా ఉంది. పాత శిక్షాస్మృతిలో అది 200. వీటికంటే ముందు, 10 రూపాయల రుసుముతో సమాచార హక్కు దరఖాస్తు ఒకటి నగరపాలక సంస్థకు వేసి, తమ వార్డులో పార్కింగ్‌కు ప్రకటించిన చోట్లు ఏవి, ఫుట్‌పాత్‌గా లెక్కలో ఉన్న పలకల వరస ఎక్కడి నుంచి ఎక్కడి దాకా, దాని వెడల్పు ఎంత అని అడగాలి. జవాబుకు గడువు 30 రోజులు. ఆ కాగితం చేతికొచ్చిన తర్వాత, ఇది ఫుట్‌పాతా కాలువ పలకా అన్న వాదానికి కొట్టు ముందే సమాధానం దొరుకుతుంది.